అనంతపురం నుంచి అవలాంచి దాకా: ట్రౌట్ చేప కోసం అయిదు రోజులు

మొదటి రోజు: అనంతపురం – మైసూరు

బయలుదేరే ముందు బుక్కరాయసముద్రం చెరువుకట్ట మీద పావుగంట ఆగండి. తాడుకు కట్టిన థర్మామీటరును మూరెడు లోతున నీళ్లలోకి దించి చూస్తే, ట్రౌట్ చేపను వెతుక్కుంటూ ఇంత దూరం, నీలగిరి కొండల్లోని అవలాంచి దాకా, ఎందుకు పోతున్నామో సగం అక్కడే తెలిసిపోతుంది. డిసెంబరు పొద్దున కూడా అది 20 డిగ్రీల పైనే చూపిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నమైతే పైనీళ్లు 30 దాటుతాయి. ఆ వెచ్చదనం బొచ్చెకు, రోహుకు, ఎర్రమోసుకు పండగ. ట్రౌట్‌కు మాత్రం 20 దాటితే మేత సహించదు, 24, 25 దగ్గర ప్రాణమే నిలవదు. 10కీ 16కీ మధ్యే దాని సుఖమంతా.

పాదరసం థర్మామీటరు వద్దు. రాయికి తగిలి పగిలిందంటే చెరువులో విషం కలిపినట్టే. ఎర్ర స్పిరిట్‌ది గానీ, వైరు ఉన్న డిజిటల్‌ది గానీ తీసుకోండి. నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, కొన నీళ్లలో ఉండగానే చదవాలి. పైకి తీసి చదివితే తడి ఆరిపోతూ చల్లబడి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. నీలగిరిలో చలిగాలికి ఈ తప్పు ఇంకా పెద్దదవుతుంది.

వెతుకుతున్న చేప రెయిన్‌బో ట్రౌట్, సాల్మన్ కుటుంబానిది. సొంత ఊరు ఉత్తర అమెరికా పడమటి తీరం, అవతల రష్యా కమ్చాట్కా. పాత పుస్తకాల్లో శాస్త్రీయనామం సాల్మో గెయిర్డ్‌నెరి అని ఉంటుంది. 1989 నుంచి ఆంకోరింకస్ మైకిస్ అంటున్నారు. చేపల మార్కెట్‌లో 'ఇండియన్ సాల్మన్' అని అమ్మేది మన మాగ చేప. సముద్రపు చేపే, రుచికి వంక పెట్టలేం, కానీ ఈ కుటుంబంతో దానికి చుట్టరికం లేదు. పోల్చుకోవడానికి ఒక గుర్తుంది. సాల్మన్ కుటుంబపు చేపకు వీపు రెక్కకూ తోకకూ నడుమ చిటికెన వేలి గోరంత మెత్తటి కండరెక్క ఉంటుంది, అందులో ముళ్లుండవు. మన జెల్లల్లోనూ కొన్నింటికి అలాంటిది ఉంటుంది గానీ వాటికి మీసాలుంటాయి, పొలుసులుండవు. ట్రౌట్‌కు మీసాలు లేవు, పొలుసులున్నాయి.

బెంగళూరు 215 కిలోమీటర్లు, అక్కడి నుంచి మైసూరు మరో 145. సొంత బండి లేనివాళ్లకు కాచిగూడ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా మైసూరు పోయే రాత్రి రైలు మేలు. బండిలో పోయేవాళ్లు నీలగిరి ఈ-పాస్ ఇంట్లోనే తీసుకోవాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి బయటి బళ్లన్నింటికీ ఇది పెట్టారు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆ జిల్లాలోకి రానివ్వరు, స్టీలు సీసాలు పెట్టుకోండి. థర్మోకోల్ పెట్టె ఒకటి, స్వెట్టర్లు, నూలు గుడ్డలు నాలుగు. ఆ గుడ్డలు ఎందుకో అయిదో రోజు తెలుస్తుంది.

రెండో రోజు: మైసూరు – ఊటీ

గుండ్లుపేట, బందీపూర్, గూడలూరు దారి. బందీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్లు ఆపేస్తారు కాబట్టి సాయంత్రం బయలుదేరి ఎలాగో దాటేద్దామనే ఆలోచన పెట్టుకోవద్దు. గూడలూరు దాటాక ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కిటికీలోంచి వచ్చే గాలే మలుపు మలుపుకూ మారుతుంది.

ఇక్కడ చిన్న లెక్క. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. అనంతపురం 350 మీటర్ల లోపు ఎత్తులో ఉంది, అవలాంచి 2,000 మీటర్ల పైన. తేడా 1,700 మీటర్లు, అంటే సుమారు 11 డిగ్రీలు. భూమధ్యరేఖకు అనంతపురం కంటే నీలగిరే దగ్గర. అక్షాంశం చూసుకుంటే అక్కడ ఇంకా వేడిగా ఉండాలి. ఈ చేపను అక్కడ బతికిస్తున్నది ఎత్తు ఒక్కటే.

ఊటీ ఊరి నడుమ ఉన్న సరస్సును 1820ల్లో అప్పటి కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ కట్టించాడు. పడవలెక్కే సరదా ఉంటే ఎక్కండి, ట్రౌట్ కోసం మాత్రం అందులోకి చూడొద్దు. ఊరి మురికి తాకిన నీళ్లలో ఆ చేప ఉండదు. సాయంత్రం చేయాల్సిన పని వేరే ఉంది: మత్స్యశాఖ ఆఫీసులో అవలాంచి చేపపిల్లల కేంద్రం చూడడానికి అనుమతి అడగాలి. గుడ్లు పిండే కాలంలో గుంపుగా పోతే లోపలికి పంపరు, పంపకూడదు కూడా. ఆఫీసు సెలవు రోజున చేరుకుంటే ఒక రోజు దండగ.

మూడో రోజు: అవలాంచి

ఊటీ నుంచి ముత్తొరై పాలడ మీదుగా ఎమరాల్డ్, అక్కడి నుంచి అవలాంచి. పాతిక కిలోమీటర్లకు పైచిలుకు, గంటన్నర పడుతుంది. దారి పొడుగునా మెట్లు మెట్లుగా క్యారెట్, ఉర్లగడ్డ తోటలు. చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ, ఆ తోటల్లో కొట్టిన పురుగుమందు వానకు కొట్టుకొచ్చి వాగులో కలిస్తే మొదట చచ్చేది ట్రౌటే. అందుకే చేపపిల్లల కేంద్రానికి నీళ్లు తోటల కింది వాగు నుంచి కాకుండా, పైన సోలల నుంచి దిగే వాగు నుంచి రావాలి. సోల అంటే కొండల మడతల్లో దాగిన దట్టమైన పొట్టి అడవి. పచ్చికకొండల నడుమ ఉండి, వాన నీటిని దూదిలా పీల్చుకుని ఏడాది పొడుగునా కొంచెం కొంచెం వదులుతుంది.

ట్రౌట్‌ను ఇక్కడికి తేవాలని 1863లోనే చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే ప్రయత్నించి విఫలమయ్యాడు. ఓడలో నెలల తరబడి ఉష్ణమండలం దాటించాలి, దారిలో చల్లదనం తప్పితే గుడ్డు బతకదు. చివరికి చేపల పెంపకం నిపుణుడు హెచ్.సి. విల్సన్ చేతిలో పని కుదిరి 1907లో అవలాంచిలో చేపపిల్లల కేంద్రం వెలిసింది.

చలికాలం గుడ్ల కాలం. తల్లిచేప పొట్ట ఉబ్బి, వెనక రంధ్రం ఎర్రగా వాచి ఉంటే పండినట్టు. తల కిందికి వంచినప్పుడు గుడ్లు లోపల జారుతున్నట్టు పొట్ట ఆకారం మారుతుంది. తొందరపడి పచ్చిగుడ్లు పిండితే నెత్తురు వస్తుంది, గుడ్లూ పోతాయి, తల్లీ పోతుంది. వారం ఆలస్యమైనా గుడ్డు కడుపులోనే మురిగి, పొదిగే శాతం పడిపోతుంది. అందుకే తల్లిచేపలను వారానికొకసారైనా తడిమి చూస్తారు. కిలో బరువున్న తల్లి సుమారు 2,000 గుడ్లు ఇస్తుంది. మన రోహు కిలో బరువుకు లక్షల్లో పెడుతుంది. కానీ రోహు గుడ్డు ఆవగింజంత, ట్రౌట్ గుడ్డు 4, 5 మిల్లీమీటర్లు, నారింజ రంగు ముత్యం లాగా ఉంటుంది. తక్కువ పెట్టి, ఒక్కోదానికి ఎక్కువ తిండి కట్టిచ్చి పంపే తల్లి ఇది.

పిండే పని చేత్తోనే. తడిగుడ్డతో చేపను పట్టి, దాని ఒంటిమీది నీళ్లు తుడిచి, ఎండిన గిన్నె మీద వంచుతారు. బొటనవేలు, చూపుడువేలు ముందు రెక్కల కింద నుంచి వెనక్కి మెల్లగా జరుపుతారు. పండిన గుడ్లు ధారగా జారతాయి. నొక్కాల్సి వచ్చిందంటే ఇంకా పండలేదన్నమాట. పైన ఒకటి రెండు మగచేపల నుంచి పాల లాంటి బీజం పిండి, కోడి ఈకతో కలుపుతారు. ఈక ఎందుకంటే గుడ్డు మీద గీత పడదు. ఇంతవరకు ఒక్క చుక్క నీళ్లు తగలకూడదు. మగబీజం నీళ్లు తగిలిన క్షణం నుంచి అర నిమిషమే చురుగ్గా ఈదుతుంది, ఆపైన పనికిరాదు. గుడ్డు కూడా నీళ్లు పీల్చగానే మగబీజం దూరే తన రంధ్రం మూసుకుంటుంది. ముందే తడిసిన గిన్నె వాడితే ఆ అర నిమిషం ఉత్తపుణ్యానికి పోతుంది. గుడ్లన్నీ తెల్లబడి పోవడానికి మూలం చాలాసార్లు ఈ తడిగిన్నే.

కలిపాక నీళ్లు పోసి, కడిగి, గంటసేపు కదపకుండా వదిలితే గుడ్డు నీళ్లు పీల్చి బిగుసుకుంటుంది. వేలితో నొక్కి చూస్తే రబ్బరు బంతిలా ఉంటుంది. తర్వాత తట్టల్లో పరిచి, చీకట్లో, పారే నీళ్లలో పెడతారు. నేరుగా వెలుతురు పడకూడదు. రెండో రోజు దాటాక గుడ్డుకు కళ్లు వచ్చేదాకా తట్టను కదపకూడదు. చిన్న కుదుపుకు కూడా లోపలి పిండం చస్తుంది. తెల్లబడ్డ గుడ్లను తీసేయాలన్నా తట్ట కదలకుండా పట్టకారుతో తీయాలి. తీయకుండా వదిలితే దూది లాంటి బూజు పట్టి, పక్కనున్న మంచి గుడ్లను కూడా చుట్టేస్తుంది.

ఎన్నాళ్లకు పొదుగుతుందన్నది నీళ్ల చలే చెబుతుంది. 10 డిగ్రీల దగ్గర 31 రోజులు, 7 దగ్గర 48, 15.5 దగ్గర 19. రోజుల సంఖ్యను డిగ్రీలతో గుణిస్తే సుమారు 300 చొప్పున వస్తుంది. ఈ లెక్క వచ్చినవాళ్లు గుడ్లు పిండిన రోజునే పిల్లల తేదీ గోడ మీద రాసిపెట్టుకోగలరు. సగం రోజులు దాటాక గుడ్డులో రెండు నల్లచుక్కలు కనిపిస్తాయి. అవే కళ్లు. అప్పుడు ఒక వింత పని చేస్తారు: గుడ్లను జానెడు, మూరెడు ఎత్తు నుంచి బకెట్లోకి వంపుతారు. ఇన్నాళ్లూ కదపొద్దన్నది ఇప్పుడు కావాలనే కుదుపుతున్నారు. కళ్లు వచ్చిన గుడ్డు తట్టుకుంటుంది, పిండం లేని ఉత్తగుడ్డు పగిలి మర్నాటికి తెల్లబడి బయటపడుతుంది. ఏరి పారేయడం తేలిక. ఇంకొక చోటికి గుడ్లు పంపాలన్నా ఈ కళ్ల దశలోనే, చల్లగా, తడిగా పెట్టి పంపుతారు.

పొదిగిన పిల్ల పొట్టకింద సొనసంచి మోసుకుని అడుగున పడుకుంటుంది. రెండు మూడు వారాలు దానికి మేత అక్కర్లేదు. సంచి కరిగి, పైకి ఈదడం మొదలైన రోజునే మేత చల్లాలి. నాలుగు రోజులు ఆలస్యం చేస్తే తినడం నేర్చుకోకుండానే చిక్కి, తలకాయ పెద్దగా, ఒళ్లు సూదిలా అయి పోతాయి. మొదట్లో రోజుకు 8, 10 సార్లు పొడిమేత, చిటికెడు చిటికెడుగా. మేతలో మాంసకృత్తులు 40 నుంచి 45 శాతం కావాలి. మన చెరువుల్లో బొచ్చెకు వేసే తవుడు, చెనిక్కాయ చెక్క దీనికి పనికిరావు. ఇది పచ్చి మాంసాహారి. పెద్దపిల్లలు చిన్నపిల్లలను మింగుతాయి కాబట్టి కొన్ని వారాలకొకసారి సైజుల వారీగా విడదీయక తప్పదు.

నాలుగో రోజు: ఎమరాల్డ్, అవలాంచి జలాశయాలు

ఇవి సహజ సరస్సులు కావు. కుందా జలవిద్యుత్ పథకం కోసం కెనడా సాయంతో కట్టిన ఆనకట్టల వెనక నిలిచిన నీళ్లు. అవలాంచి వైపు అటవీశాఖ అనుమతించిన బళ్లలోనే లోపలికి పోనిస్తారు. దూరం, వేళలు వాన బట్టి, ఏనుగుల బట్టి మారుతుంటాయి. 2019 ఆగస్టులో ఇక్కడ ఒక్క రోజులో 80 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. అనంతపురానికి ఏడాది పొడుగునా పడేది ఇంకా అంత లేదు. ఆగస్టు ప్రయాణం మానుకోండి.

నీళ్లలో థర్మామీటరు దించడానికి తీరాన అనుమతి ఉన్న చోట, పొడుగు తాడుతో రెండు లోతుల్లో చూడండి. ఎండాకాలంలో పైపొర వెచ్చగా, కింద చల్లగా, నడుమ ఒక గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది. ట్రౌట్ కింది చల్లపొరలోకి దిగిపోతుంది. అయితే అడుగున కుళ్లే ఆకు, మట్టి అక్కడి ప్రాణవాయువును తినేస్తాయి. పైన వేడి, అడుగున ఊపిరి లేదు. చేప నడిమి పొరలో ఇరుక్కుంటుంది. చలికాలంలో పైనీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగితే సరస్సంతా ఒకసారి కలిసిపోయి చేపకు మళ్లీ ఇల్లంతా దొరుకుతుంది.

ప్రాణవాయువు లెక్క తెలిస్తే మన ఊరి చేపలంటే గౌరవం పెరుగుతుంది. సముద్రమట్టం దగ్గర లీటరు నీళ్లలో 10 డిగ్రీలకు 11.3 మిల్లీగ్రాములు కరుగుతుంది, 20కి 9.1, 30కి 7.5 చిల్లర. రెండు వేల మీటర్ల ఎత్తులో గాలి పలచన కాబట్టి ఇందులో అయిదో వంతు కోత. అంటే అవలాంచిలో 10 డిగ్రీల నీళ్లలో కూడా 9 లోపే. ఎత్తు తీసుకున్నదాన్ని చలి తిరిగి ఇస్తోంది. ట్రౌట్‌కు 6కు తగ్గకుండా కావాలి, 7 ఉంటే నిశ్చింత. కొర్రమీనును చూడండి: అనంతపురం మార్కెట్‌లో అర బకెట్ నీళ్లలో పూటంతా బతికే ఉంటుంది, పైకి వచ్చి గాలే మింగుతుంది. అదే బకెట్లో ట్రౌట్‌ను వేస్తే కాసేపటికే వెల్లకిలా తేలుతుంది.

ఇంకొక సంగతి. ట్రౌట్ సరస్సులో పెరుగుతుంది గానీ నిలవనీళ్లలో పిల్లలను చేయలేదు. గుడ్డు పెట్టాలంటే పారే వాగు, శుభ్రమైన గులకరాళ్లు కావాలి. తల్లి తోకతో రాళ్లు కొట్టి గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతో కప్పుతుంది. రాళ్ల సందుల్లోంచి నీళ్లు పారుతుండాలి. మట్టి పేరుకుంటే గుడ్లు ఊపిరాడక చస్తాయి. జలాశయంలోకి దిగే వాగులు మట్టితో నిండితే చేపపిల్లల కేంద్రమే గతి.

పిల్లలను తరలించేటప్పుడు ముందు రోజు మేత ఆపేస్తారు. కడుపులో మేత ఉంటే సంచిలో విసర్జించి నీళ్లు పాడుచేస్తాయి. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది ప్రాణవాయువు. పైన మంచు. సరస్సు చేరాక సంచిని విప్పకుండా 15, 20 నిమిషాలు నీళ్ల మీద తేలనివ్వాలి, లోపల బయట చలి సమానమయ్యేదాకా. అలసిపోయి వచ్చి తొందరపడి ఒక్కసారిగా కుమ్మరిస్తే సగం పిల్లలు అప్పుడు బాగానే ఈది, మర్నాడు తేలతాయి.

గాలం వేసే సరదా ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండా ప్రయత్నించవద్దు. ఇది అడవి, పక్కనే ముకుర్తి జాతీయ ఉద్యానం. పైగా ఇది బయటి నుంచి తెచ్చి వదిలిన వేటాడే చేప. వాగుల్లోని పురుగులకు, కప్ప పిల్లలకు అది చేసే చేటు గురించి జీవశాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పడం సబబే. కొత్త వాగుల్లో వదలాలన్న ఉత్సాహం మాకు నచ్చదు.

అయిదో రోజు: చేప, మంచు, తిరుగు దారి

ట్రౌట్ దొరికితే, ఇక్కడో తిరుగు దారిలో బెంగళూరులోనో, ముందు మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా, తడిగా ఉండాలి. ఇటుక రంగుకు తిరిగితే వదిలేయండి. ఒంటి మీది జిగురు పారదర్శకంగా ఉండాలి. ఈ జిగురును చూసి పాడైందనుకునేవాళ్లున్నారు, తాజా ట్రౌట్‌కు అది సహజం. పొలుసులు ఎంత చిన్నవంటే గీకక్కర్లేదు. బొచ్చెకు రూపాయి బిళ్లంత పొలుసు చూసిన చేతికి ఇది చర్మం ఒక్కటే ఉన్నట్టు తోస్తుంది.

శుభ్రం చేయడం అయిదు నిమిషాల పని. వెనక రంధ్రం నుంచి గడ్డం దాకా కత్తి మొనతో పైపైన చీల్చి, పేగులు, మొప్పలు ఒకే లాగులో తీయాలి. వెన్నెముక వెంబడి నల్లటి నెత్తుటి చార ఉంటుంది. అది చేప మూత్రపిండం. బొటనవేలి గోటితో గానీ చెంచా మొనతో గానీ గీకి కడగాలి. వదిలేస్తే మొదట చేదెక్కి మొదట కుళ్లేది అదే. పేగులు తీయకుండా మంచులో పెడితే కడుపులోని జీర్ణరసాలు పొట్ట గోడను తినేసి, ఇల్లు చేరేసరికి పక్కటెముకలు విడిపోయి ఉంటాయి.

మంచు కిలో చేపకు కిలో. థర్మోకోల్ పెట్టె అడుగున ఒక పొర, పొట్టలో గుప్పెడు, పైన ఒక పొర, మూలలో చిన్న రంధ్రం. కరిగిన నీళ్లలో చేప నానితే రంగు, రుచి రెండూ పోతాయి; ఆ రంధ్రం అందుకే. నూలు గుడ్డలు ఇప్పుడు పనికొస్తాయి: చేపను గుడ్డలో చుట్టి మంచు మీద పెడితే చర్మం కాలినట్టు కాదు. మంచు మార్చడానికి తప్ప పెనుకొండ దాటేదాకా పెట్టె మూత తీయొద్దు. బెంగళూరు దాటాక ఒకసారి మంచు మార్చుకోవచ్చు.

వండడంలో మన చేపల పులుసు అలవాటు దీనికి సరిపోదు. చింతపండు, మసాలా ముంచేస్తే ట్రౌట్ ఏదో, రోహు ఏదో తేడా తెలియదు. ఉప్పు, పసుపు, కొంచెం కారం, నిమ్మరసం పట్టించి పావుగంట ఆపి, పెనం మీద రెండు చెంచాల చెనిక్కాయ నూనెలో ఒక్కో వైపు 4, 5 నిమిషాలు. వెన్నెముక దగ్గర వేలితో నొక్కితే కండ పొరలుగా విడిపోవాలి. అంతకు మించితే పిప్పి. కండ గులాబీ రంగులో ఉంటే మేతలో రొయ్యల రంగు పదార్థం ఉందని అర్థం, తెల్లగా ఉన్నంత మాత్రాన లోపం కాదు. పక్కన రాగి సంగటి బాగా కుదురుతుంది, ఊరిబిండి కూడా.

తిరిగి వచ్చాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే: మన దగ్గర పెంచలేమా? చెరువులో లేము. చల్లబరిచిన తొట్టిలో పెంచవచ్చు. హైదరాబాదు–శ్రీశైలం దారిలోని కందుకూరు దగ్గర నీళ్లను చల్లబరిచి, శుభ్రం చేసి, మళ్లీ వాడే పద్ధతిలో రెయిన్‌బో ట్రౌట్ పెంచే కేంద్రం 2025 జూలైలో మొదలైంది. అయితే ఇంట్లో ప్రయత్నించాలనుకునేవాళ్లు ముందు లెక్క వేసుకోవాలి. వెయ్యి లీటర్ల నీళ్లను 30 నుంచి 14 డిగ్రీలకు దించాలంటే 16,000 కిలోకేలరీల వేడి తీసేయాలి. కరెంటు లెక్కలో 18.6 యూనిట్ల వేడి. నీళ్లు చల్లబరిచే మంచి యంత్రం (చిల్లరు) ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి లాగుతుందనుకుంటే 6 యూనిట్లకు పైన. ఇది ఒక్కసారి చల్లబరచడానికే. ఒక టన్ను సామర్థ్యమున్న యంత్రం ఆ ఒక్క తొట్టితో అయిదు గంటలకు పైగా కుస్తీ పడుతుంది. పదివేల లీటర్లయితే దీనికి పదింతలు. ఆపైన గోడల గుండా, గాలి గుండా వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు కరెంటు పోతే జనరేటరు పది నిమిషాల్లో అందుకోవాలి. చిల్లరు ఆగినప్పటికంటే గాలిపంపు ఆగినప్పుడే చేప ముందు చస్తుంది, కాబట్టి మొదట ఇన్వర్టరు గాలిపంపుకు కట్టాలి.